రెండు కిలోల జాగ

గల్ఫ్ నుంచి సెలవు మీద ఇంటికొచ్చే కూలీకి విమానంలో మామూలుగా దొరికే జాగ 30 కిలోలు. చేతి సంచిలో ఇంకో 7 కిలోలు. టికెట్టును బట్టి ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ అవుతుందేమో గానీ, జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, నిర్మల్, కామారెడ్డి వైపు ఊళ్లలో ఈ 30 అనే అంకె బడికి పోయే పిల్లలకు కూడా తెలుసు. ఇంట్లో ఎవరో ఒకరు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి వస్తారు. అన్నేళ్ల కష్టంలో చేత్తో పట్టుకుని చూపించగలిగింది ఎంతైనా ఆ 30 కిలోల్లోనే పట్టాలి.

అందుకే క్యాంపులో ఎవరైనా ఛుట్టీ మీద ఇంటికి పోతున్నారంటే ముందు రాత్రి గదిలో ఎవరూ తొందరగా పడుకోరు. అట్టపెట్టె, టేపు, నైలాను తాడు, పేరూ ఊరూ రాయడానికి నల్ల మార్కరు, పెట్టెను వేలాడదీసి చూసే స్ప్రింగు కాటా. కంబళి అడుగున పరుస్తారు. దాని మీద పాలపొడి డబ్బాలు, ఖర్జూరం, సబ్బులు, నొప్పుల తైలం సీసాలు, పిల్లల బట్టలు, ఒక టార్చిలైటు. వీటి సందుల్లో పక్క మంచాల వాళ్లు ఇచ్చిన పొట్లాలు. ఒకరి తల్లికి కళ్లద్దాలు, ఒకరి బిడ్డకు బూట్లు, ఒకరి భార్యకు చిన్న సెంటు సీసా. పోయేవాడు కాదనడు. రేపు తన పొట్లాన్ని ఇంకొకరు మోయాలి. ఎవరూ కాగితం మీద రాసుకోని అప్పు ఇది. ఎంతో సామాను ఆ దారినే వచ్చింది తెలంగాణకు.

నాకీ సంగతి చెప్పినాయన పేరు రాయడం లేదు. ఊరి పేరూ రాయడం లేదు. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతంలో, ఇంటింటా ఆడవాళ్లు బీడీలు చుట్టే ఊరు అని చెబితే చాలు. ఆయన దుబాయిలో తాపీ పని చేశాడు. క్యాంపులో అందరూ మేస్త్రీ అనేవాళ్లు. ఆయన స్నేహితుడు షట్టరింగు పనిలో ఉండేవాడు, అతన్ని కార్పెంటర్ అనేవాళ్లు. నేనూ అలాగే రాస్తాను.

ఇద్దరివీ పక్కపక్క ఊళ్లు. నడుమ ఒక ఒర్రె. వాన కాలంలో ఒర్రె పారితే కార్పెంటర్ బడికి రాలేకపోయేవాడు, మేస్త్రీ తన పక్క జాగ ఎవరినీ కూర్చోనివ్వకుండా పలక పెట్టి ఉంచేవాడు. కులం ఒకటే, చుట్టరికం మాత్రం లేదు. అయినా చిన్నప్పటి నుంచీ ఒకరినొకరు బావా అనే పిలుచుకున్నారు. అందువల్ల మేస్త్రీ భార్య కార్పెంటర్‌కు చెల్లె అయింది, మేస్త్రీ బిడ్డ కోడలైంది. పిలుపు వరసలు మన దగ్గర అలాగే కడతాయి, కట్టిన తర్వాత అవి నిజమే అవుతాయి.

మొదట దుబాయి పోయింది మేస్త్రీ. రెండేళ్ల తర్వాత కార్పెంటర్‌కు వీసా వచ్చింది. ఏజెంటుకు కట్టాల్సిన చివరి వాయిదా దగ్గర డబ్బు ఆగిపోయింది. రేపు కట్టకపోతే వీసా ఇంకొకడికి పోతుందన్నాడు ఏజెంటు. అప్పుడు మేస్త్రీ అక్కడి నుంచి ఇంటికి ఫోన్ చేసి భార్యతో ఒకే మాట అన్నాడు: "పుస్తెల తాడు కుదువ పెట్టు." ఆమె ఎందుకని కూడా అడగలేదు. పసుపు కొమ్ము కట్టుకుని తాడు తీసి ఇచ్చింది. సంవత్సరం తిరక్కముందే మేస్త్రీ విడిపించాడు, వడ్డీతో సహా తన జీతంలోంచే.

కార్పెంటర్ ఆ డబ్బు తిరిగి ఇవ్వబోయాడు. మేస్త్రీ తీసుకోలేదు. జీతాల రోజున ఇవ్వబోయాడు, పండుగకు ఇవ్వబోయాడు, ఒకసారి నోట్లు తలగడ కింద పెట్టి పోయాడు. మేస్త్రీ వాటిని తెచ్చి మళ్లీ అతని డబ్బాలోనే వేశాడు. "బావల నడుమ బాకీలేంది?" అనేవాడు. ఆ మాట అన్నప్పుడు తనకు ఎంతో తృప్తిగా ఉండేదని మేస్త్రీ నాతో చెప్పాడు. తీసుకోకపోవడం వల్ల అవతలి మనిషి గుండె మీద ఒక బరువు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయిందని అతనికి అప్పట్లో తోచలేదు. ఇచ్చేవాడి చేయి పైన ఉంటుంది, దాన్ని కొంచెంసేపైనా కిందికి దించడం కూడా దయే అని నేననుకుంటాను. మనలో చాలామందికి ఇవ్వడం వచ్చినంతగా తీసుకోవడం రాదు.

ఇద్దరిదీ దుబాయిలోని సోనాపూర్ క్యాంపులో ఒకే గది. ఒకే ఇనుప మంచం, కింద మేస్త్రీ, పైన కార్పెంటర్. పొద్దున నాలుగింటికి సైటు బస్సు. కార్పెంటర్‌ది మొద్దు నిద్ర. అలారం మోగినా లేచేవాడు కాదు. మేస్త్రీ లేచి, పై మంచం చట్రాన్ని అరచేత్తో కొట్టేవాడు. తొమ్మిదేళ్లు అతను అలా లేపితేనే లేచాడు కార్పెంటర్.

2018 ఎండాకాలంలో మేస్త్రీకి రెండు నెలల ఛుట్టీ దొరికింది. బిడ్డ ఇంటర్ పాసై డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకుంటానని పట్టుబట్టి ఉంది. ఫోన్లో తండ్రిని ఒకే ఒకసారి అడిగింది, ల్యాప్‌టాప్ తెస్తావా బాపూ అని. ఇల్లు కట్టిన అప్పు ఇంకా తీరలేదు. "కాలేజీల కంప్యూటర్లుంటయి బిడ్డా, అక్కడ నేర్చుకో" అన్నాడు. ఆ పిల్ల మళ్లీ అడగలేదు. అడగకపోవడం అతనికి బాధగానే ఉంది. పెట్టెలో ఆమె కోసం రెండు జతల బట్టలూ, ఒక చేతి గడియారం పెట్టుకున్నాడు.

ప్రయాణం ముందు రాత్రి, పెట్టెకు ఇంకా తాడు కట్టకముందే, కార్పెంటర్ పై మంచం మీంచి ఒక పాకెట్టు దించాడు. పాత తువ్వాలులో చుట్టి, దాని మీద అట్ట పెట్టి, అట్ట మీద గోధుమరంగు టేపు సందు లేకుండా చుట్టి ఉంది. వెడల్పుగా, పలకలా ఉంది.

"బావా, గిది గా పెట్టెల పెట్టుకపో. కంబళి నడుమ పెట్టు, పగిలే సామాను. మీ ఇంట్లనే ఉంచు. తీస్కునేటోళ్లకు నేను చెప్తా."

"ఏమున్నది ఇండ్ల?"

"ఏం లేదు తియ్. ఇంటి సామానే."

"ఇంటి సామానైతే విప్పి చూపెట్టు."

కార్పెంటర్ నవ్వాడు. "విప్పద్దు బావా. గట్లనే తీస్కపో."

ఇక్కడ మేస్త్రీ భయం గురించి నాలుగు మాటలు చెప్పాలి. అది గాల్లోంచి వచ్చింది కాదు. దుబాయి నుంచి వచ్చే కూలీల చేతిలో తెలిసినవాళ్లే పొట్లాలు పెట్టి బంగారం దాటించడం ఆ రోజుల్లో ఉంది, ఇప్పుడూ ఉంది. శంషాబాద్‌లో కస్టమ్స్ అధికారులు ఎమర్జెన్సీ లైట్లలో, మోటార్లలో, చెప్పుల అడుగున బంగారం పట్టుకున్న వార్తలు పేపర్లో తరచూ వస్తాయి. అటు నుంచి ఇటైతే బంగారం, ఇటు నుంచి అటైతే ఇంకా ఘోరం. మన వంటింట్లో వాడే గసగసాలు కూడా అక్కడ నిషేధం. ఎవరో ఇచ్చిన పచ్చడి డబ్బాతో పాటు ఏముందో తెలియని పొట్లం మోసుకుపోయి అక్కడి జైళ్లలో ఏళ్లు గడిపిన మనవాళ్లున్నారు. వాళ్ల భార్యలు కలెక్టరాఫీసుల చుట్టూ తిరగడం నేను చూశాను. కళ్లతో చూడని పొట్లం మోయవద్దని గల్ఫ్ పోయేవాళ్లకు ఎవరైనా చెబుతారు. నేనూ చెబుతాను. ఇప్పటికీ అదే చెబుతాను.

అయితే ఆ జాగ్రత్త ఎవరి విషయంలో అన్నది వేరే సంగతి. తొమ్మిదేళ్లు తలమీద పడుకున్న మనిషి అతను.

"విప్పకుంటే ఎట్ల తీస్కపోవాలె? రేపు ఏర్‌పోర్టుల అడిగితే ఏం జెప్పాలె నేను?" అన్నాడు మేస్త్రీ. గదిలో మిగతా నలుగురూ వింటున్నారు. గొంతు కొంచెం పెరిగిందని తనకే తెలిసి, సర్దుకోవడానికి పెట్టెను కాటాకు తగిలించాడు. ముల్లు 30 దాటి నిలిచింది. "చూడు, జాగ గూడ లేదు. గిదే ఎక్కువైంది."

కార్పెంటర్ ముల్లు వైపు చూశాడు. పాకెట్టు మళ్లీ పైకి పెట్టుకున్నాడు.

"మంచిది తియ్ బావా. ఆగస్టుల నేనే పోతగద. నేనే తీస్కపోత."

ఆ తర్వాత అతనే కూర్చుని పెట్టెకు తాడు కట్టాడు. ముడులు అతను వేస్తేనే గట్టిగా ఉంటాయి. మార్కరుతో మేస్త్రీ పేరూ ఊరూ పెద్ద అక్షరాలతో రాశాడు. పొద్దున టాక్సీ దాకా పెట్టె మోసిందీ అతనే.

ఏర్‌పోర్టు కౌంటరు దగ్గర పెట్టెను బెల్టు మీద పెట్టాడు మేస్త్రీ. ఎర్రటి అంకెలు వెలిగాయి. 27.9. క్యాంపులో కాటా ఏళ్ల నుంచీ తప్పుగానే చూపిస్తోంది. కూలీలు అది ఎక్కువ చూపించడమే మంచిదని దాన్ని మార్చలేదు.

"ఇంక రెండు కిలోలు పడుతుండె సారూ," అన్నాడు మేస్త్రీ నాతో. కౌంటరు దగ్గర నిలబడి ఒక్క ఫోన్ చేద్దామనుకున్నాడు. చేసి ఏం చెప్పాలి? కాటా తప్పు బావా అనా? వెనక వరస తోసుకొస్తోంది. ఇంటికి పోయాక మాట్లాడుకోవచ్చులే అనుకున్నాడు.

ఇంట్లో పెట్టె విప్పారు. ఊళ్లో సగం మంది గుమ్మంలోనే ఉన్నారు. ఎవరి పొట్లం వాళ్లకు ఇచ్చేశాడు. బిడ్డ బట్టలు తీసుకుంది, గడియారం పెట్టుకుంది. పెట్టె ఖాళీ అయ్యాక కూడా ఆమె అక్కడే కూర్చుని కంబళి దులిపింది, మడత విప్పి మళ్లీ మడిచింది. చేతి సంచి జిప్పు తీసి చూసింది.

"ఇంకేం లేదా బాపూ?"

"ఇంకేం గావాలె నీకు? ఇంత తెచ్చిన సాలదా?"

రెండేళ్ల తర్వాత ఇంటికొచ్చిన రోజు బిడ్డ మీద మొదట అన్న గట్టి మాట అది. ఆమె ఏమీ అనకుండా ఫోన్ పట్టుకుని మేడ మీదికి పోయింది. గడియారం నచ్చలేదేమో, ల్యాప్‌టాప్ తేలేదని మనసులో ఉందేమో అనుకున్నాడు మేస్త్రీ. ఆ రాత్రి కార్పెంటర్ తనే ఫోన్ చేశాడు. మంచిగ చేరినవా బావా, చెల్లె బాగున్నదా, వాన పడ్డదా అని అడిగాడు. పాకెట్టు ముచ్చట ఇద్దరూ ఎత్తలేదు. కాటా తప్పని చెప్పడానికి మేస్త్రీకి నోరు రాలేదు.

జూన్ నెలాఖరు. అప్పటికి అక్కడ మధ్యాహ్నపు విరామం మొదలైంది. ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడి నిబంధన. ఆ రెండున్నర గంటలు పోను మిగతా పొద్దంతా పనే. ఒక రోజు కార్పెంటర్ సైటు నుంచి వచ్చాడు, స్నానం చేశాడు, అన్నం వండుకు తిన్నాడు, పై మంచం ఎక్కి పడుకున్నాడు. పొద్దున నాలుగింటికి బస్సు వచ్చింది. అలారం మోగి ఆగిపోయింది. అది అతనికి మామూలే గనుక గదిలో వాళ్లు ముందు పట్టించుకోలేదు. కింది మంచం ఖాళీగా ఉంది. చట్రం కొట్టి లేపే మనిషి మెట్‌పల్లి పక్కన తన ఇంట్లో ఉన్నాడు.

గుండె ఆగి సహజ మరణం అని రాశారు. గల్ఫ్ కూలీల చావు కాగితాల్లో ఎక్కువగా కనిపించే మాట ఇదే. నిద్రలో పోయేవాళ్లు ముప్పయ్యో నలభయ్యో ఏళ్లవాళ్లు, పగలంతా బరువులెత్తినవాళ్లు. కాగితం మీద సహజం అని పడితే పనిలో ప్రమాదానికి వచ్చే పరిహారం రాదు. వీసా మీద పోయే కూలీలకు మన ప్రభుత్వం చేయించే ప్రవాసీ భారతీయ బీమా యోజన 10 లక్షలు కూడా ప్రమాద మరణానికే, లేదా శాశ్వత వైకల్యానికే. కార్పెంటర్ ఇంటికి ఆ బీమా రాలేదు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల సాయం అని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. అది ఈ చావుకు ఆరేళ్ల తర్వాతి మాట.

శవం ఇంటికి రావడానికి రెండు వారాలు పట్టింది. ముందు పోలీసు కాగితం, తర్వాత మరణ ధ్రువపత్రం, కంపెనీ లెక్కలు తేల్చినట్టు సంతకాలు. ఆ పైన కాన్సులేట్‌లో పాస్‌పోర్టు రద్దు చేసి అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం. సోనాపూర్‌లోనే శవం పాడవకుండా మందు ఎక్కించే కేంద్రం ఉంది. బతికినన్నాళ్లూ ఉన్న క్యాంపుకు దగ్గరే. అక్కడి నుంచి పెట్టెలో పెట్టి కార్గోకు. ఛుట్టీలో ఉన్న మేస్త్రీ రోజూ క్యాంపుకు ఫోన్ చేసి ఏ కాగితం ఎక్కడ ఆగిందో కనుక్కునేవాడు. ఒర్రె దాటి పోయి కార్పెంటర్ ఇంట్లో చెప్పేవాడు. అతని భార్య బీడీల చాట ముందు పెట్టుకుని వినేది, చేతులు మాత్రం కదిలేవి కావు.

శంషాబాద్ కార్గో దగ్గరికి కార్పెంటర్ తమ్ముడితో కలిసి మేస్త్రీ పోయాడు. సంతకాలు పెట్టాల్సిన కాగితాల్లో విమానం వాళ్ల సరుకు రసీదు ఒకటుంది. అందులో సరుకు పేరు రాసే గడి, దాని పక్కన తూకం రాసే గడి. తమ్ముడికి ఇంగ్లిష్ రాదు. మేస్త్రీకి అంకెలు చదవడం వచ్చు. చెక్క పెట్టెతో కలిపి నూటా చిల్లర కిలోలు.

"వాణ్ని గూడ తూకమేసిండ్రు సారూ."

ఈ మాట చెప్పేటప్పుడు మేస్త్రీ గొంతు పూడుకుపోయింది. నేను ఇందులో ఏమీ పెంచి రాయడం లేదు. గల్ఫ్ నుంచి వచ్చే శవాలకు కిలోల లెక్కన కిరాయి వేసేవాళ్లు అప్పట్లో. కూలీల సంఘాలు, కేరళ, తెలంగాణ నుంచి పోయినవాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు, మనిషిని సామానులా తూచవద్దని. 2019 జనవరిలో ఎయిరిండియా ఆ పద్ధతి తీసేసి, యూఏఈ నుంచి వచ్చే పెద్దవాళ్ల శవానికి 1,500 దిర్హములు, పన్నెండేళ్ల లోపు పిల్లలకు అందులో సగం అని ఒకే ధర పెట్టింది. కార్పెంటర్ అంతకు ఆరు నెలల ముందు పోయాడు. కిరాయి అతని కంపెనీయే కట్టింది, అది వాళ్ల చట్టం. కానీ ఆ గడిలో అంకె చూసిన మేస్త్రీకి ఇంకో అంకె కళ్లముందు వెలిగింది. 27.9.

ప్రభుత్వం ఇచ్చే ఉచిత అంబులెన్సులో తెల్లవారేసరికి ఊరు చేరారు. అంత్యక్రియల గురించి మేస్త్రీ నాకు ఎక్కువ చెప్పలేదు, నేనూ అడగలేదు.

జూలైలో అదే గదిలో ఉండే సిరిసిల్ల కుర్రాడొకడు ఛుట్టీ మీద వచ్చాడు. కార్పెంటర్ సామాను అతనే తెచ్చాడు. తన సామానులో సగం అక్కడే వదిలేసి, చనిపోయినవాడి సంచి, బట్టలు, పాత ఫోను, పై మంచం మీద దొరికిన పాకెట్టు అన్నీ తన 30 కిలోల్లో సర్దుకుని, బస్సు మారి, ఒర్రె దాకా నడిచి వచ్చి ఇచ్చాడు. పాకెట్టు విప్పలేదు. టేపు వేసింది వేసినట్టే ఉంది.

సామాను విప్పడానికి కార్పెంటర్ భార్య మేస్త్రీని పిలిపించింది. "నువ్వే తియ్యి అన్నా. నాతోని కాదు," అంది. పిల్లలు గోడకు ఆనుకుని నిలబడ్డారు. మేస్త్రీ బట్టలు తీశాడు, ఫోను తీశాడు. పాకెట్టు చేతిలోకి తీసుకున్నాడు. ఇది పిల్లలకు తెచ్చుకున్నది, ఆ రోజు నేను పట్టుకొచ్చి ఉంటే తండ్రి బతికుండగానే వీళ్ల చేతికి అందేది అనుకున్నాడు. అంతవరకే అతని బాధ. కొడవలి కొనతో టేపు కోశాడు. అట్ట విప్పాడు, తువ్వాలు విప్పాడు.

లోపల ల్యాప్‌టాప్ ఉంది. కొత్తది కాదు. దేరాలోనో షార్జాలోనో పాతవి బాగుచేసి అమ్మే దుకాణంలో కొన్నది. చార్జరు ఉంది. మూత మీద అంటించిన కాగితం మీద కార్పెంటర్ చేతిరాత. అతను షట్టరింగు చెక్కల మీద కొలతలు రాసేటప్పటి ఆ వంకర అక్షరాలు మేస్త్రీకి పెట్టె మీది పేరంత బాగా తెలుసు.

"కోడలా, బాగ చదువుకో. బాపుకు ముందుగాల చెప్తే వద్దంటడు, గందుకే చెప్పలే. మీ అవ్వ పుస్తెల తాడు బాకీ ఇంక ఉన్నది నాకు. మామ."

కార్పెంటర్ భార్యకు కూడా ఈ సంగతి తెలియదు. ఆమె కాగితం చదివించుకుని, కళ్లు తుడుచుకుని, "తీస్కపో అన్నా. పిల్లకియ్యి. ఆయన ఇచ్చింది," అంది. తన ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు, భర్త సంపాదన ఆగిపోయింది, అమ్మితే నాలుగు వేలో ఐదు వేలో వస్తాయి. ఆమె ఆ ఆలోచన కూడా చేయలేదు. ఈ కథలో నేను అందరికంటే ఎక్కువగా గౌరవించేది ఆమెను.

మేస్త్రీ ఒర్రె దాటి ఇంటికొచ్చాడు. దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూ వచ్చాడు. బిడ్డకు అంతా చెప్పేయాలనే అనుకున్నాడు. నేనే తేలేదు బిడ్డా, మామ ఇస్తే నేనే వద్దన్న, విప్పి చూపెట్టమన్న అని. ఇంటికి చేరి ల్యాప్‌టాప్ ఆమె ఒడిలో పెట్టాడు. కాగితం చూపించాడు.

ఆ పిల్ల కాగితం చదివి, తల గోడకేసి కొట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపులో ఆమె అన్న మాటలు విన్న తర్వాత మేస్త్రీకి నోరు పెగల్లేదు.

మామ తనకు ల్యాప్‌టాప్ కొన్నానని ముందే ఆమెకు ఫోన్లో చెప్పాడట. "మీ బాపు పెట్టెలనే వస్తది, మీ బాపుకే ఎరుక ఉండది, చూస్తుండు" అని నవ్వాడట. అందుకే ఆ రోజు కంబళి దులిపింది, సంచి జిప్పు తీసింది. దొరకలేదు. మేడ మీదికి పోయి మామకు ఫోన్ చేసింది. బాపు తేలేదేంది మామా అని అడిగింది.

"మీ బాపు తప్పేం లేదు బిడ్డా. నేనే ఇచ్చుడు మర్చిపోయిన. పని మీద పడి యాదికి రాలే" అన్నాడట కార్పెంటర్.

ఆమెకు కోపమొచ్చింది. నా గురించి యాది కూడా ఉండదా అనుకుంది. పద్దెనిమిదేళ్ల పిల్ల. ఆ రోజు నుంచి మామ ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆదివారం ఆదివారం చేసేవాడు. అవ్వకు ఇచ్చేసి పోయేది. చివరి ఆదివారం కూడా అంతే. "కోడలికి కోపం పోలేదా చెల్లే?" అని అడిగి పెట్టేశాడట.

ఇదంతా జరిగి ఏళ్లు గడిచాయి. మేస్త్రీ మళ్లీ దుబాయి పోయాడు, 2020లో కరోనా నాడు తిరిగొచ్చి ఇక పోలేదు. పసుపు వేస్తున్నాడు. ఆ అమ్మాయి ఆ ల్యాప్‌టాప్ మీదే డిగ్రీ పూర్తి చేసి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. కార్పెంటర్ కొడుకు ఫీజు ప్రతి ఏడూ ఆమే కడుతోంది. మామ చనిపోయిన రోజుకు తప్పకుండా ఊరికి వస్తుంది. ఒర్రె దాటి అత్త దగ్గరికి పోయి కూర్చుంటుంది. మర్చిపోయిన మనిషి మీద అంత కోపం చూపించానే, చివరిసారి మాట్లాడకుండా పంపానే అని ప్రతిసారీ అదే మాట అంటుందట. అత్త ఓదారుస్తుంది. మేస్త్రీ గుమ్మంలో నిలబడి వింటాడు. ఎనిమిది మాటలు, అంతకంటే ఎక్కువ అక్కర్లేదు, అవి చెప్పలేకపోతున్నాడు.

నువ్వే చెప్పాలి, నేను చెప్పేది కాదు అన్నాను నేను. చాలా రోజులు అదే అన్నాను. మొన్న పసుపు ఉడకబెట్టే పొయ్యి దగ్గర కూర్చుని, "నాతోని అయితలేదు సారూ. మీరు రాయుండ్రి. పిల్ల ఈ పత్రిక చదువుతది" అన్నాడు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. ఇన్నేళ్లూ ఆ పిల్లను అలా ఏడవనివ్వడం మాత్రం నాకు తప్పనే అనిపించింది, అతనికీ ఆ మాటే చెప్పాను. తల వంచుకున్నాడు. అందుకే రాస్తున్నాను.

అమ్మా, నీ పేరు ఇక్కడ రాయలేదు. కంబళి దులిపిన రోజు గుర్తుంటే, ఇది నీకే అని నీకు తెలుస్తుంది. మీ మామ ఏదీ మర్చిపోలేదు. ముందు రాత్రి చేతికిచ్చాడు. వద్దన్నది మీ బాపు.